పాత కారు ఫైర్‌వాల్‌ను నున్నగా చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారును మళ్ళీ నిలబెట్టేవాళ్ళు ఇంజను కడిగి, రంగు వేసి, కొత్త పైపులు బిగించి బానెట్ ఎత్తి చూసుకుంటారు. అంత చేశాక కూడా వెనకాల ఫైర్‌వాల్ ముప్పై కన్నాలతో, పాత బ్రాకెట్ల గుర్తులతో, ఎండి పగిలిన సీలెంట్‌తో కనబడుతుంది. దాన్ని నున్నగా చేద్దామన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. ఈ పని నేను రెండు కార్లకు చేశాను. మొదటిదాంట్లో చేసిన తప్పులు రెండోదాంట్లో చాలావరకు తప్పించుకోగలిగాను. కొత్తగా ఈ పనికి దిగేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఫైర్‌వాల్ నున్నగా చేయడం అంటే అసలు ఏం చేస్తారు?

ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య నిలువుగా ఉండే రేకే ఫైర్‌వాల్. బ్రిటిష్ కార్ల వాళ్ళు దీన్నే బల్క్‌హెడ్ అంటారు. కంపెనీలో తయారైనప్పుడే దీనికి వైపర్ మోటారుకు, హీటరుకు, స్పీడోమీటర్ కేబులుకు, వైరింగుకు, స్టీరింగ్ కాలమ్‌కు, బ్రేకు, క్లచ్ భాగాలకు వేరువేరు కన్నాలు ఉంటాయి. కొన్ని మోడళ్ళలో కుడివైపు స్టీరింగుకూ ఎడమవైపు స్టీరింగుకూ ఒకే రేకు వాడటం వల్ల అవసరం లేని కన్నాలు కూడా మూతలతో ఉండిపోతాయి. ఇన్నేళ్ళలో చేతులు మారినప్పుడల్లా ఎవరో ఒకరు హారన్ రిలే కోసమో అలారం కోసమో ఇంకో కన్నం వేసి ఉంటారు.

వీటిలో అక్కర్లేనివాటిని రేకు ముక్కలతో వెల్డింగ్ చేసి మూసి, అతుకులు సాపు చేసి, ఒక్క పలకలా కనబడేట్టు రంగు వేయడమే ఈ పని.

ఏ కారుకైనా చేయొచ్చా?

చేయకూడని కార్లున్నాయి. మీ బండి అరుదైన మోడల్ అయి, కంపెనీ నుంచి వచ్చిన భాగాలు దాదాపు అన్నీ అలాగే ఉంటే ఫైర్‌వాల్‌ను ముట్టుకోకండి. అలాంటి కార్లలో ఆ కన్నాలు, ఆ గట్లు, కంపెనీవాళ్ళు చేత్తో పూసిన సీలెంట్ గీతలు కూడా చరిత్రే. ఒకసారి వెల్డింగ్ చేసి గ్రైండ్ చేశాక పాత రూపం తిరిగి రాదు.

ఇప్పటికే ఇంజను మారిన కార్లు, తుప్పుతో సగం ఫైర్‌వాల్ పోయినవి, మన ఇష్టానికి మార్చుకుంటున్న హాట్‌రాడ్ తరహా బండ్లు ఈ పనికి సరిపోతాయి. 1932 ఫోర్డు లాంటి వాటి మీద ఈ అలవాటు ఎంతోకాలంగా ఉంది.

ఇంకొకటి చూసుకోవాలి. 1955 షెవర్లేలా కింద విడిగా ఛాసిస్ ఉన్న కారు వేరు, మొదటి తరం మస్టాంగ్‌లా బాడీయే బరువు మోసే కారు వేరు. రెండో రకంలో ఫైర్‌వాల్, దాని పైన ముందు అద్దం కింద ఉండే పెట్టెలాంటి రేకు భాగం (దీన్నే కౌల్ అంటారు) కలిసి బాడీని బిగువుగా పట్టి ఉంచుతాయి. చిన్న కన్నాలు మూస్తే ఏ ఇబ్బందీ ఉండదు. పెద్ద ముక్క కోయాలంటే మాత్రం ముందు లోపల అడ్డంగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేసి ఆసరా ఇవ్వండి. తలుపుల సందులు కొలిచి రాసిపెట్టుకోండి. పని మధ్యలోనూ కొలవండి. ఆఖర్లో తెలిస్తే సరిచేయడం చాలా కష్టం.

ఏ కన్నాలు మూయాలి, ఏవి ఉంచాలి?

అందరూ వెల్డింగ్ గురించి టెన్షన్ పడతారు కానీ నా అనుభవంలో ఈ పనిలో కష్టమైన భాగం ఇదే. వెల్డింగ్ నేర్చుకోవచ్చు, తప్పు కన్నం మూస్తే రంగు వేసిన ఫైర్‌వాల్‌కు మళ్ళీ డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది. నా మొదటి కారులో స్పీడోమీటర్ కేబులు కన్నం మూసేశాను. ఎలక్ట్రానిక్ మీటరు పెట్టాలని అప్పటి ఆలోచన. ఆరు నెలలకు మనసు మారి పాత మీటరే ఉంచాలనుకున్నాను. మెరుస్తున్న రంగు మీద డ్రిల్లు పెట్టిన ఆ రోజు నాకు ఇంకా గుర్తుంది. చుట్టూ రంగు పెచ్చు లేచి మూడు వంతుల ఫైర్‌వాల్‌కు మళ్ళీ రంగు వేయాల్సి వచ్చింది.

అందుకే రేకు మీద చెయ్యి వేసేముందు బండిని ఒకసారి పూర్తిగా బిగించి చూడండి. ఇంజను, గేర్‌బాక్స్, ఎగ్జాస్ట్, స్టీరింగ్, బ్రేకు, పెడల్స్, హీటరు, వైపర్ అన్నీ రంగు లేకుండానే వాటి చోట్లలో కూర్చోవాలి. అప్పుడు ఒక మాస్కింగ్ టేపు చుట్ట తీసుకుని, ప్రతి కన్నం పక్కనా అది దేనికో రాసి అంటించండి. తెలియనిదాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. ఇంజను వైపు నుంచి, లోపలి వైపు నుంచి ఫొటోలు తీయండి, ఫొటోలో ఒక స్కేలు కూడా కనబడాలి.

ప్రశ్న గుర్తులన్నీ పోయేదాకా వెల్డింగ్ మొదలుపెట్టొద్దు. కొన్ని కన్నాల సంగతి వైరింగ్ పట్టిక చూస్తే తెలుస్తుంది. కొన్నిటి సంగతి అదే మోడల్ మరో కారు చూస్తేనే తెలుస్తుంది.

ఇంజను కూర్చోబెట్టినప్పుడే వెనకవైపు సందు కూడా చూడండి. షెవర్లే స్మాల్‌బ్లాక్ వీ8 ఇంజనులో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ వెనకవైపు, ఫైర్‌వాల్ దగ్గరే ఉంటుంది. దాన్ని పైకి లాగి తీయడానికి చోటు కావాలి. ఫోర్డు స్మాల్‌బ్లాక్‌లో అది ముందువైపు ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. గేర్‌బాక్స్ పై బోల్టులకు స్పానరు అందుతుందా, వాల్వ్ కవర్ పైకి లేస్తుందా అన్నవి కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఫైర్‌వాల్ మీద మరో రేకు వేసే ఆలోచన ఉంటే ఈ కొలతలు మరీ ముఖ్యం.

కౌల్ నీళ్ళు పోయే కన్నాలు కూడా మూయొచ్చా?

వద్దు. అద్దం కింద జాలీ లోంచి దిగే వాన నీరు పోవడానికే ఆ దారులున్నాయి. అవి మూస్తే నీరు కౌల్ లోపల నిలిచి, లోపలినుంచి తుప్పు పట్టి, చివరికి మీ కాళ్ళ మీద కారుతుంది. అసలు ఫైర్‌వాల్ పని మొదలుపెట్టేముందే కౌల్‌లో ఒక బకెట్ నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూడండి. లోపలికి కారుతుంటే ముందు ఆ మరమ్మతు, తర్వాతే అందం.

ఫైర్‌వాల్ మీద నంబరు ప్లేటు ఉంది. పని కోసం తీసేయొచ్చా?

చాలా జాగ్రత్తగా ఆలోచించండి. చాలా పాత కార్లలో ఛాసిస్ నంబరో, బాడీ వివరాల పలకో ఫైర్‌వాల్ మీదే ఉంటుంది. కొన్నిటిలో నంబరు రేకులోకే గుద్ది ఉంటుంది. 1968, 69 కమారోల్లో హీటర్ బ్లోయర్ వెనకాల, బ్లోయర్ తీస్తే తప్ప కనబడని చోట కూడా కారు నంబరులో కొంతభాగం ఉంటుంది. దాన్ని చూడకుండా గ్రైండర్ పెట్టేస్తే బండి గుర్తింపు పోయినట్టే. నంబరు చెరిపేయడం, ప్లేటు మార్చడం చాలా దేశాల్లో నేరం. మంచి ఉద్దేశంతో చేశామన్నా రిజిస్ట్రేషన్ దగ్గరా, అమ్మేటప్పుడూ ఇబ్బంది తప్పదు.

నేనైతే ప్లేటును కదపను. దాని చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు వదిలేసి, రెండు పొరల టేపు వేసి, పైన పలచని రేకు ముక్క కప్పి పని చేస్తాను. నంబరు గుద్దిన చోట పుట్టీ కూడా వేయకూడదు. తప్పనిసరిగా ప్లేటు తీయాల్సి వస్తే ముందు మీ చోటి రవాణా అధికారులను అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

పాత రేకు మీదే కన్నాలు మూయాలా, పైన కొత్త రేకు వేయాలా, మొత్తం కోసి మార్చాలా?

మూడూ చేస్తారు. తుప్పు లేని గట్టి రేకు ఉంటే ఒక్కొక్క కన్నం మూయడమే మంచిది. శ్రమ ఎక్కువే, అయినా బండి బలం, కొలతలు మారవు.

పైన ఇంకో రేకు కప్పడం చూడ్డానికి సులువు. కానీ రెండు రేకుల మధ్య సందులోకి తేమ చేరితే బయటికి పోయే దారి ఉండదు. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల తుప్పు తింటూ ఉంటుంది. ఇలా చేసిన ఒక బండి విప్పినప్పుడు రెండు రేకుల మధ్య నుంచి పొడి తుప్పు చేటలో పోసినట్టు రాలింది. ఈ దారే పట్టాలనుకుంటే పాత రేకును పూర్తిగా శుభ్రం చేసి, రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్ వేసి, అంచుల చుట్టూ ఎక్కడా ఖాళీ లేకుండా సీల్ చేయాలి.

కింది భాగమంతా తుప్పు పోయిన కారుకు మాత్రం కోసి కొత్త రేకు వేయడం తప్ప దారి లేదు. అప్పుడు పైన చెప్పిన ఆసరా గొట్టాల సంగతి మరిచిపోవద్దు.

ఫైర్‌వాల్ మీద పొడుగు గట్లు ఉన్నాయి. వాటినీ చదును చేయాలా?

ఆ గట్లు అందం కోసం పెట్టినవి కావు. చదునుగా ఉన్న పెద్ద రేకు డబ్బా మూతలా ఉంటుంది. నొక్కితే లోపలికి పోయి, వదిలితే టపక్కున బయటికి వస్తుంది. ఇంజను అదురుకు అది డప్పులా మోగుతుంది. గట్టు వేస్తే ఆ రేకు బిగుస్తుంది. కాబట్టి గట్లు తీసేస్తే ఆ బిగువు ఇంకో రూపంలో తిరిగి ఇవ్వాలి. లోపలి వైపు, అంటే డాష్‌బోర్డు వెనక, కనబడని చోట మడత పెట్టిన రేకు పట్టీలు అతికించడం ఒక దారి. నా రెండో కారులో గట్లను అలాగే ఉంచి కన్నాలు మాత్రమే మూశాను. రంగు వేశాక అవి కంపెనీ డిజైన్‌లా హుందాగా కనబడ్డాయి. చదును చేయాలన్న కోరిక బలంగా లేకపోతే ఈ దారే చెబుతాను.

పని మొదలుపెట్టేముందు ఏమేం విప్పాలి?

డాష్‌బోర్డు, హీటరు, పెడల్స్, వైరింగు, లోపలి ప్యాడ్లు, కార్పెట్లు అన్నీ విప్పాలి. బ్యాటరీ బయట పెట్టండి. పెట్రోలు ట్యాంకు, పెట్రోలు గొట్టాలు పక్కనే ఉండగా వెల్డింగ్ చేయొద్దు. కారు ముందువైపు అద్దం కూడా తీసేయడం మేలు. గ్రైండర్ నిప్పురవ్వలు అద్దానికి తగిలితే కరిగి అతుక్కుపోతాయి, ఆ మచ్చలు పోవు.

ఆరోగ్యానికి సంబంధించిన మూడు విషయాలు మాత్రం గట్టిగా చెప్పాలి.

పాత ఫైర్‌వాల్ ప్యాడ్లలో, హీటరు పెట్టె చుట్టూ ఉండే పీచులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. అనుమానం ఉంటే పొడిగా పీకడం, రుద్దడం, గాలితో ఊదడం చేయొద్దు. పరీక్ష చేయించి, తెలిసినవాళ్ళతో తీయించండి. రెండోది, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఆ దుమ్ము పీల్చకూడదు, ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్ళకూడదు.

మూడోది చాలామందికి తెలియదు. కొన్ని బ్రేక్ క్లీనర్ స్ప్రేలలో క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉంటాయి. వాటితో రేకు తుడిచి వెంటనే వెల్డింగ్ చేస్తే ఆ వేడికి, వెలుతురుకు ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ప్రాణం మీదకు తెచ్చే వాయువు అది. వెల్డింగ్‌కు ముందు క్లోరిన్ లేని క్లీనరే వాడండి, అదీ పూర్తిగా ఆరాకే వెల్డింగ్ మొదలుపెట్టండి.

నిప్పు ఆర్పే సిలిండరు చేతికి అందేంత దూరంలో ఉండాలి. వెల్డింగ్ ఆపాక కనీసం అరగంట అక్కడే ఉండండి. సందుల్లో చిక్కుకున్న పీచు, పాత సీలెంట్ నెమ్మదిగా రాజుకుంటాయి.

అతుకు ముక్కకు ఎంత మందం రేకు వాడాలి? వెల్డింగ్ ఏది?

మీ ఫైర్‌వాల్ మందం కొలిచి అదే మందం వాడండి. చాలా పాత కార్లలో అది 18 నుంచి 20 గేజి, అంటే సుమారు 1.2 నుంచి 0.9 మిల్లీమీటర్లు. మందం రేకు, పలచని రేకు కలిపితే వేడి రెండింటికీ సమంగా పట్టదు, పలచనిది కన్నం పడుతుంది. మామూలు మెత్తని ఉక్కు రేకు చాలు. జింకు పూత ఉన్న రేకు వాడితే పూత గీకేయాలి. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, వెల్డింగ్ కూడా సరిగా పట్టదు.

ఎక్కువమంది దగ్గర మిగ్ వెల్డరే ఉంటుంది, అంటే మీట నొక్కితే వైరు తనంతట తానే వచ్చి కరిగేది. 0.6 మిల్లీమీటర్ల వైరు, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాసు ఈ రేకుకు బాగా కుదురుతాయి. టంగ్‌స్టన్ మొనతో కరిగిస్తూ, కడ్డీని చేత్తో అందించే టిగ్ వెల్డింగ్ వచ్చినవాళ్ళకు అదే మేలు. టిగ్ అతుకు మెత్తగా ఉంటుంది, సుత్తితో కొడితే సాగుతుంది. మిగ్ అతుకు గట్టిగా, ఎత్తుగా వస్తుంది. దాన్ని ముందు గ్రైండ్ చేసి తగ్గించాకే సుత్తి వేయాలి, లేదంటే పగులు వస్తుంది.

వెల్డింగ్ చేస్తే రేకు వంకర పోతోంది. ఎందుకు? ఎలా ఆపాలి?

ముందు ఎందుకో అర్థం చేసుకుంటే ఆపడం సులువు. వెల్డింగ్ వేడికి అక్కడి రేకు వ్యాకోచించాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లని రేకు దాన్ని కదలనివ్వదు. పక్కకు పోలేక అది అక్కడే ఉబ్బి మందమవుతుంది. చల్లారినప్పుడు మళ్ళీ కుంచించుకుంటుంది, ఈసారి మొదట ఉన్నదానికంటే చిన్నదవుతుంది. చుట్టూ ఉన్న రేకును తనవైపు లాగుతుంది. మనకు కనబడే వంకర ఆ లాగుడే. వేడి ఎంత పెద్ద చోటుకు పాకితే లాగుడు అంత ఎక్కువ.

అందుకే గీతలా సాగదీసి వెల్డింగ్ చేయకూడదు. చుక్కలు పెట్టాలి. ముక్కను కన్నంలో అంచుకు అంచు ఆనేట్టు కోసుకోండి. మూలలు గుండ్రంగా ఉండాలి, కోసు మూలల్లో లాగుడంతా ఒకచోట చేరుతుంది. మిగ్ అయితే వైరు మందమంత సందు, టిగ్ అయితే సందే లేకుండా. నాలుగు దిక్కులా నాలుగు చుక్కలు పెట్టి ముక్క సమంగా ఉందో వేలితో తడిమి చూడండి. తర్వాత ఎదురెదురుగా, సుమారు 25 మిల్లీమీటర్లకు ఒక చుక్క. ఆ తర్వాత వాటి మధ్య, మళ్ళీ మధ్య.

ప్రతి రెండు మూడు చుక్కలకూ ఆగి, అరచెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే మళ్ళీ మొదలుపెట్టండి. ఐదారు కన్నాలు ఉంటే ఒకదాని మీద చుక్క పెట్టి, దూరంగా ఉన్న ఇంకోదానికి వెళ్ళండి. అప్పుడు ఖాళీగా కూర్చోవాల్సిన పని ఉండదు, రేకు తనంతట తానే చల్లారుతుంది. తడిగుడ్డ వేసి చల్లార్చాలన్న తొందర వద్దు.

మొదటిసారి చేసినప్పుడు హీటరు పెట్టె ఉన్న పెద్ద కన్నాన్ని ఒకే సాయంత్రం పూర్తి చేశాను. మరుసటి రోజు స్కేలు ఆనిస్తే మధ్యలో ఒక వేలు దూరేంత గొయ్యి ఉంది. రెండో కారులో అలాంటి కన్నానికే మూడు రోజులు తీసుకున్నాను. పుట్టీ దాదాపు అక్కర్లేకుండా వచ్చింది.

వంకర ఇప్పటికే పోయింది. ఇప్పుడు?

కుంచించుకున్నది అతుకు కాబట్టి సాగాల్సింది అతుకే. ఒకవైపు డాలీ (చేత్తో పట్టుకునే నున్నని ఇనుప దిమ్మ) ఆనించి, ఇంకోవైపు నుంచి సుత్తితో అతుకు మీద చిన్న దెబ్బలు వేస్తూ వెళ్ళండి. పక్కనున్న రేకు మీద కొట్టకూడదు. పది దెబ్బలు వేసి స్కేలు ఆనించి చూడండి. గొయ్యి కొద్దికొద్దిగా పైకి వస్తుంది. డాష్‌బోర్డు విప్పి ఉండాలని ముందే చెప్పింది ఇందుకే, లోపలినుంచి డాలీ పట్టే మనిషి కావాలి.

దెబ్బలు ఎక్కువై రేకు సాగిపోయి టపటపలాడుతుంటే, ఉబ్బిన చోట చిటికెన వేలి గోరంత చుక్క మాత్రం ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి కుంచించాలి. ఇది అభ్యాసం మీద వచ్చే పని. ముందు పాత రేకు ముక్క మీద చేసి చూసుకోండి.

చిన్న చిన్న స్క్రూ కన్నాలకు కూడా ముక్క కోయాలా?

6 మిల్లీమీటర్ల లోపువాటికి అక్కర్లేదు. వెనక రాగి ముక్క గట్టిగా ఆనించి, ముందునుంచి మిగ్‌తో చుక్కలుగా నింపండి. రాగికి వెల్డింగ్ అతుక్కోదు, వేడిని కూడా కొంత లాగేసుకుంటుంది. అంతకంటే పెద్దవైతే స్టెప్ డ్రిల్లుతో అన్నిటినీ ఒకే రెండు మూడు సైజులకు గుండ్రంగా చేసి, ఆ సైజు బిళ్ళలు ఒకేసారి కోసి పెట్టుకుంటే పని చకచకా సాగుతుంది.

కన్నాలను ఫైబర్‌గ్లాస్‌తోనో పుట్టీతోనో మూసేస్తే?

వద్దు. ఇంజను వేడికి, అదురుకు అంచు చుట్టూ పగులు వస్తుంది, తేమ దిగుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇంజనులో మంట లేస్తే అది లోపలికి రాకుండా కొద్ది నిమిషాలైనా ఆపాల్సిన గోడ ఇది. మంటకు ముందుగా కాలిపోయేవాటితో దాన్ని మూయకూడదు. కన్నాలలో నురగ కొట్టడం కూడా ఇలాంటిదే.

గ్రైండింగ్‌లో ఏం జాగ్రత్త?

గ్రైండర్ కూడా రేకును వంకర తిప్పేంత వేడి పుట్టిస్తుంది. రేకు నీలం రంగుకు తిరిగిందంటే వేడి ఎక్కువైనట్టే. పలచని డిస్కుతో అతుకు ఎత్తును మాత్రం తగ్గించి, తర్వాత 60, 80 నంబరు ఫ్లాప్ డిస్కుతో సాపు చేయండి. పక్క రేకును తినేయకండి. పలచబడ్డ చోటు తర్వాత సుత్తి దెబ్బకు చిరుగుతుంది. గ్రైండింగ్ అయ్యాక లోపల లైటు పెట్టి ఇంజను వైపు నుంచి చూడండి. సూదిమొనంత వెలుగు కనబడినా అక్కడ ఇంకో చుక్క పెట్టాలి.

రేకు మీద రేకు ఎక్కిన పాత అతుకులను కూడా వెల్డింగ్ చేసి మూయాలా?

కౌల్, ఫైర్‌వాల్ కలిసే గీత లాంటివి కంపెనీలో స్పాట్ వెల్డింగ్ చేసి సీలెంట్ పూసినవి. పాత సీలెంట్ పూర్తిగా గీకి, లోపల తుప్పు లేదని చూసుకుని, ప్రైమర్ వేశాక కొత్త సీలెంట్ సన్నగా లాగితే సరిపోతుంది. పొడుగునా వెల్డింగ్ చేయడం అందంగానే ఉంటుంది కానీ అంత వేడి అంత పొడుగు గీతలో పెడితే పైన చెప్పిన లాగుడు అంతే పొడుగునా వస్తుంది. దాన్ని వేరే వారం పనిగా పెట్టుకోగలిగితేనే చేయండి.

పుట్టీ, ప్రైమర్ ఏ వరసలో వేయాలి?

నేను పాటించేది ఇది. ఖాళీ రేకును 80 నంబరు పేపరుతో రుద్ది, తుడిచి, ముందు ఎపాక్సీ ప్రైమర్. అది రేకుకు గాలి, తేమ తగలకుండా చేస్తుంది. ఆ ప్రైమర్ డబ్బా మీద రాసిన గడువులోపల పుట్టీ. గడువు దాటితే మళ్ళీ రుద్దాలి. యాసిడ్ ఉన్న ఎచ్ ప్రైమర్ మీద పాలియెస్టర్ పుట్టీ వేయకూడదు, రెండింటికీ పడదు, తర్వాత లేచిపోతుంది.

పుట్టీ మందం 3 మిల్లీమీటర్లు దాటుతోందంటే సుత్తి, డాలీ పని మిగిలిపోయిందని అర్థం. వెనక్కి వెళ్ళి ఆ పని చేయండి. పుట్టీని పొడిగానే రుద్దాలి, తడి పేపరు వాడితే అది నీరు పీల్చుకుని కింద తుప్పుకు దారిస్తుంది. చేత్తో నేరుగా రుద్దితే వేళ్ళ గుర్తులు అలల్లా పడతాయి, చెక్క బ్లాకు వాడండి. 80తో మొదలుపెట్టి 180.

దాని మీద మందంగా పడే 2కే ప్రైమర్ (హార్డెనర్ కలిపి వాడేది) రెండు మూడు పూతలు. ఆరాక నల్ల పొడి లాంటి గైడ్ కోట్ చల్లి 320తో రుద్దితే పల్లాల్లో నలుపు మిగిలి ఎక్కడ లోపముందో చెప్పేస్తుంది. ఆ తర్వాత 400, 600.

2కే ప్రైమర్లు, రంగుల హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి. మామూలు దుమ్ము మాస్కు వాటిని ఆపదు. బయటినుంచి గాలి అందించే మాస్కు కావాలి. అది లేకపోతే పెయింటింగ్ బూతు ఉన్నవాళ్ళకు ఆ ఒక్క పని అప్పగించండి.

మెరిసే రంగు వేయాలా, మెరుపు లేనిదా?

మెరుపు రంగు ప్రతి అలనూ చూపిస్తుంది. పాత కార్లలో చాలావాటి ఫైర్‌వాల్ కొద్దిపాటి మెరుపున్న నలుపులో ఉండేది. ఆ రంగు చిన్న లోపాలను దాస్తుంది, ఇంజను కూడా కొట్టొచ్చినట్టు కనబడేలా చేస్తుంది. బాడీ రంగే వేయాలనుకుంటే ప్రైమర్ దగ్గర ఇంకో రెండు రోజులు కేటాయించండి. ఎగ్జాస్ట్ గొట్టం దగ్గరగా వెళ్ళే చోట ఏ రంగు వేసినా వేడిని ఆపే పలక ఒకటి మధ్యలో పెట్టాలి.

లోపలి వైపు ఏం చేయాలి?

ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. వెల్డింగ్ వేడికి వెనకవైపు పాత రంగు మొత్తం కాలిపోయి ఉంటుంది. అలాగే ప్యాడ్ కప్పేస్తే రెండు వానాకాలాల్లో అతుకుల వెంబడి తుప్పు బయటికి వస్తుంది. వైరు బ్రష్‌తో రుద్ది, ఎపాక్సీ ప్రైమర్ వేసి, అతుకుల మీద సీలెంట్ లాగండి. చెయ్యి దూరని పెట్టె భాగాల్లో గొట్టంతో మైనం స్ప్రే చేయండి. పైన బ్యూటైల్ షీటు అతికిస్తే మోత చాలా తగ్గుతుంది. గట్లు తీసేసిన ఫైర్‌వాల్‌కు ఇది తప్పనిసరి.

కన్నాలన్నీ మూసేస్తే వైర్లు, హీటరు పైపులు ఎటు వెళ్ళాలి?

వైర్లన్నీ ఒకే కట్టగా, కిందివైపో మడ్‌గార్డు లోపలినుంచో ఒక్క కన్నంలోంచి తీసుకెళ్ళడం మామూలు. ఆ కన్నానికి రబ్బరు గ్రోమెట్ ఉండి తీరాలి. రేకు అంచు కత్తిలాంటిది, అదురుకు వైరు తొడుగు కోసుకుపోతే షార్టవుతుంది. మడ్‌గార్డు లోపల అయితే చక్రం పూర్తిగా తిప్పి, పైకి ఎత్తి, వైరుకు తగలదని చూడండి.

హీటరు పైపులకు రేకుకు బిగించే బల్క్‌హెడ్ ఫిట్టింగులు దొరుకుతాయి. సాధారణంగా పైపులు 16, 19 మిల్లీమీటర్లవి. కనబడకూడదని మరీ మెలికలు తిప్పితే నీటి ప్రవాహం తగ్గుతుంది.

ఇక్కడే ఇంకో మాట. చాలా కార్లలో ఇంజను వెనకనుంచి ఫైర్‌వాల్‌కు ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది. నున్నగా చేసే ఉత్సాహంలో ఆ బోల్టు కన్నం కూడా మూసేస్తారు, లేదా రంగు మీదే బిగిస్తారు. అప్పుడు కరెంటు థ్రాటిల్ కేబులు గుండానో స్పీడోమీటర్ కేబులు గుండానో దారి వెతుక్కుంటుంది. కేబుళ్ళు వేడెక్కి బిగుసుకుపోతాయి, లైట్లు మసకబారతాయి. ఎర్త్‌కు లోపలివైపు నట్టు వెల్డ్ చేసి, దాని చుట్టూ మాత్రం రంగు లేకుండా ఉంచి, గ్రీజు రాసి బిగించండి.

వైపర్ మోటారు ఫైర్‌వాల్ మీదే ఉంది. దాచొచ్చా?

డాష్‌బోర్డు కింద చోటుంటే లోపలికి మార్చొచ్చు. కానీ వైపర్ కడ్డీ కోణం మారితే బ్లేడు అద్దం అంచు దాటిపోతుంది. కాబట్టి రంగుకు ముందే తడి అద్దం మీద తిప్పి చూడాలి. కుదరకపోతే మోటారును ఉన్న చోటే ఉంచండి. శుభ్రం చేసిన పాత మోటారు చూడ్డానికి చెడ్డగా ఏమీ ఉండదు.

బ్రేకు మాస్టర్ సిలిండర్ దగ్గర రేకును కూడా మార్చొచ్చా?

అక్కడ అందం కోసం ఏమీ చేయకండి. పెడల్ తొక్కిన బలమంతా ఆ రేకు మీదే పడుతుంది. కంపెనీ పెట్టిన మందపాటి పలక, మడతలు తీసేస్తే ఫైర్‌వాల్ వంగుతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. బ్రేకు బలాన్ని పెంచే బూస్టరు కొత్తగా పెడుతుంటే లోపలివైపు సుమారు 3 మిల్లీమీటర్ల పలక వేసి, పెడల్ బ్రాకెట్‌తో కలిపి బోల్టులు బిగించండి. బిగించాక ఒకరు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు ఇంజను వైపు నుంచి సిలిండరును చూడాలి. అది కంటికి కనబడేంత కదిలితే ఆ కారు రోడ్డెక్కకూడదు. స్టీరింగ్ కాలమ్ పట్టే చోటుకూ ఇదే మాట వర్తిస్తుంది.

మొత్తం ఎంత కాలం పడుతుంది?

సెలవు రోజుల్లో మాత్రమే చేసుకునేవాళ్ళకు విప్పడం, కొలవడం కాకుండా రెండు మూడు నెలలు అనుకోండి. నా రెండో కారుకు పదకొండు ఆదివారాలు పట్టింది. అందులో నిజంగా వెల్డరు చేతిలో ఉన్నది నాలుగు ఆదివారాలే.

అన్నీ బిగించాక ఎలా పరీక్షించాలి?

రాత్రి చీకట్లో చేయండి. బండి లోపల డాష్‌బోర్డు కింద గట్టి లైటు పెట్టి, బానెట్ ఎత్తి, గ్యారేజీ లైట్లన్నీ ఆర్పండి. గ్రోమెట్ల చుట్టూ, స్టీరింగ్ కాలమ్ దగ్గర, పెడల్ కడ్డీల దగ్గర ఎక్కడ వెలుగు కనబడుతుందో అక్కడినుంచే ఎగ్జాస్ట్ పొగ లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అందుకే కంటితో చూసి సీల్ చేయాలి. మంటకు ఆగే సీలెంట్ వాడి మళ్ళీ లైటు పెట్టండి. పూర్తి చీకటి అయ్యేదాకా నాకు మూడుసార్లు పట్టింది. తర్వాత పగటిపూట ఒకరు లోపల టార్చితో పడుకుని చూస్తుండగా, ఇంకొకరు పైపుతో కౌల్ మీద పదిహేను నిమిషాలు నీళ్ళు పట్టాలి. చుక్క నీరు లోపలికి రాకపోతే అప్పుడు కార్పెట్ వేసుకోవచ్చు.